యూలిక్ ఫ్రేన్ కాలువ

"ఏమమ్మా టీచరమ్మా! మీ ముత్తాతగారి నీళ్ళు మా వంటింట్లోకొచ్చి కూర్చున్నాయి. వచ్చి తీసుకుపో."

జనవరి నెలాఖరులో ఒక ఉదయం తలుపు తీసేసరికి గుమ్మంలో ఫెస్టీ కోయిన్ నిలబడి ఉన్నాడు. రబ్బరు బూట్ల నిండా బురద, టోపీ అంచు నుంచి ధార. మేమిద్దరం కిల్‌తర్లా బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళం. తర్వాత ఆ బడిలోనే నేను ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పాను. అతను ఊరి దిగువన గొర్రెలు పెంచుకున్నాడు. వాన ఎక్కువైన ప్రతి చలికాలమూ ఇలాగే వస్తాడు, ఇదే మాట అంటాడు. వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది.

"ముత్తాత కాదని వందసార్లు చెప్పాను ఫెస్టీ. మా తాతకి తాత."

"ఎవరైతేనేం, నీళ్ళు తడిగానే ఉన్నాయి కదా. మా అమ్మ కాళ్ళు కుర్చీ మీదకి ముడుచుకుని కూర్చుంది. మోకాలి లోతు వచ్చేదాకా కదలదట."

"ఆవిడని ఇక్కడికి తీసుకురమ్మని నిన్ననే చెప్పానా లేదా?"

"నువ్వు చెప్తే వినడానికి ఆవిడేమన్నా నీ మూడో తరగతా?"

ఈ గొడవకి మేడమీద నుంచి లాక్లన్ దిగి వచ్చాడు. మెల్‌బోర్న్‌లో ఉండే మా దూరపు తమ్ముడు. యూలిక్ చిన్న కొడుకు ఆస్ట్రేలియాకి ఓడెక్కాడు, ఆ కొమ్మలోంచి వచ్చినవాడు. నాలుగు నెలలు సెలవు పెట్టుకుని, వంశవృక్షం చుట్టిన గొట్టం ఒకటి చంకన పెట్టుకుని, పదిరోజుల క్రితమే నా ఇంట్లో దిగాడు. యూలిక్ జీవితం పుస్తకంగా రాయాలట. ఊరి నడుమ ఆయన పేరుతో ఒక శిలాఫలకం పెట్టించాలట. దాని మీద వాక్యాలు నన్ను దిద్దిపెట్టమంటాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది అతని వరస.

"వరదా? యూలిక్ కాలువలోకి నీళ్ళు వచ్చాయా? అంటే కాలువ ఇప్పటికీ పని చేస్తోందన్నమాట!" అన్నాడు. కళ్ళు వెలిగిపోతున్నాయి.

"బ్రహ్మాండంగా పని చేస్తోంది. మా వంటిల్లు చూద్దువుగాని రా," అన్నాడు ఫెస్టీ.

యూలిక్ ఫ్రేన్ సంగతి చెప్పాలి.

ఆయనకి ఇరవై నాలుగో ఏట తండ్రి పోయాడు. పద్నాలుగు వందల ఎకరాలు చేతికొచ్చాయి. అందులో మూడో వంతు ఏటా నీళ్ళ పాలు. మా ఊరి ఉత్తరాన టర్లాక్ అని ఒక పల్లం ఉంది. ఎండాకాలం చూస్తే పశువులు మేసే పచ్చిక. అక్టోబరు వానలు పడగానే సున్నపురాతి బొరియల్లోంచి నీళ్ళు ఊరి, మూడు వారాల్లో అది పెద్ద చెరువై కూర్చుంటుంది. వసంతంలో వచ్చిన దారినే లోపలికి ఇంకిపోతుంది. ఊరివాళ్ళు దాన్ని అలాగే ఒప్పుకున్నారు. యూలిక్ ఒప్పుకోలేదు. కుర్రతనంలో హాలెండు వెళ్ళి, సముద్రాన్నే తోడిపోసి గోధుమ పండిస్తున్నవాళ్ళని చూసి వచ్చాడు. వాళ్ళు సముద్రాన్ని తోడగా లేనిది నేనొక గుంటని తోడలేనా అన్నాడు. ఒక్క లోతైన కాలువ తవ్వితే చాలు, నాలుగు వందల ఎకరాల నల్లమట్టి బయటపడుతుందని నమ్మాడు. నీళ్ళు పైనుంచి కాదు, కింది నుంచి వస్తున్నాయని చెప్పినవాడి మాట వినలేదు.

కాలువ సగంలో ఉండగా బంగాళాదుంప పంట కుళ్ళి కరువు ఏళ్ళు వచ్చాయి. చుట్టుపక్కల భూస్వాములు చాలామంది తలుపులు బిగించుకుని డబ్లిన్‌కో లండన్‌కో పోయారు. యూలిక్ పోలేదు. అది ఆయన పుణ్యం, కాదనను. పెద్ద బంగళా పెరట్లో ఇనప కాగు పెట్టించి, కాలువ తవ్వడానికి వచ్చిన ప్రతివాడికీ గంజి పోయించాడు. ఆ కాగు దగ్గర నిలబడి వడ్డించిన ఆయన భార్య లెటీషియాకి విషజ్వరం తగిలి, తొమ్మిదో రోజున పోయింది. ఆయనకీ జ్వరం వచ్చింది, బతికి బయటపడ్డాడు. బతికి మళ్ళీ కాలువ గట్టు మీదకే వెళ్ళాడు.

కాలువ దారికి క్యారిగ్ అనే చిన్న వాడ అడ్డొచ్చింది. పదకొండు ఇళ్ళు. తరువాతి వసంతంలో ఆ పదకొండు ఇళ్ళ కప్పులూ పీకించాడు. ఊరికే వెళ్ళగొట్టలేదు, టర్లాక్ ఎండగానే ఒక్కో ఇంటికి నాలుగేసి ఎకరాలు ఇస్తానని మాటిచ్చాడు. మా ఊళ్ళో సగం మంది ఇప్పటికీ యూలిక్‌ని దేవుడంటారు, సగం మంది రాక్షసుడంటారు. రెండు వర్గాలూ ఫ్రేన్ పేరు మోస్తున్నందుకు సంజాయిషీ నన్నే అడుగుతాయి. పెద్ద బంగళా పైకప్పు మా తాత హయాంలోనే ఊడదీశారు. ఎస్టేటు మేనేజరు కోసం కట్టిన చిన్న ఇంట్లో నేనుంటున్నాను. పద్నాలుగు వందల ఎకరాల్లో మిగిలినవి పంతొమ్మిది. ఆస్తి తరిగినంత సులువుగా తిట్లు తరగవని నేను చెప్పగలను.

ఆ రోజు ముగ్గురమూ ఫెస్టీ ఇంటికి వెళ్ళాం. కాలువ చివర, సరిగ్గా దాని నోటికి ఎదురుగా ఉంటుంది ఆ ఇల్లు. క్యారిగ్‌లో మిగిలిన కోయిన్ కుటుంబానికి యూలిక్ తర్వాత ఉదారంగా ఇచ్చిన చోటు అది. నీళ్ళు గోధుమరంగులో, గొర్రెపెంటికలతో సహా, వంటింట్లో తిరుగుతున్నాయి. డిలియా కోయిన్, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరిపోయిన ఇనప పొయ్యి పక్కన కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, చేతిలో టీ కప్పుతో కూర్చుని ఉంది.

"నీళ్ళు నీ నడుముకొచ్చాక కదుల్తావా అత్తా?" అన్నాను. చిన్నప్పటి నుంచి ఆవిడని అలాగే పిలుస్తాను.

"చూద్దామే. పోయినసారి గ్యాసుబండ దాకా వచ్చి తీసేసింది."

లాక్లన్ బూట్లతోనే నీళ్ళలో దిగి, కుర్చీతో సహా ఆవిడని ఎత్తుకున్నాడు. ఆవిడ కెవ్వుమంది. తర్వాత అతని మెడ పట్టుకుని, "ఎవర్రా ఈ దున్నపోతు?" అంది.

"యూలిక్ మునిమనవడి కొడుకు," అన్నాడు ఫెస్టీ.

"అయితే మొయ్యనీ. ఆ బాకీ ఉంది," అంది డిలియా. కప్పులో టీ ఒలకనివ్వలేదు.

అలా ఆవిడ నా ఇంటికి వచ్చింది. వారం అనుకున్నది పదకొండు వారాలయింది. నా పొయ్యి పొగచూరుతుందంది. నా రొట్టెలో సోడా ఎక్కువైందంది. టీవీ వార్తలు చదివే ఆవిడ జుట్టు బాగాలేదంటే, అది కూడా నా తప్పే. మరోపక్క లాక్లన్ భోజనాల బల్ల నిండా యూలిక్ నోటుపుస్తకాలు పరిచి, నాకు పళ్ళెం పెట్టుకునే చోటు లేకుండా చేశాడు. మా అటక మీద డెబ్భై ఏళ్ళుగా ఎలుకలకి తప్ప ఎవరికీ పనికిరాని పుస్తకాలవి. ఆయన ప్రతిరోజూ కాలువ లోతు, వాన, కూలీల సంఖ్య రాసుకునేవాడు. లాక్లన్ అదంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తూ మధ్యమధ్య గట్టిగా చదివి వినిపించేవాడు.

ఒక సాయంత్రం అతను కుర్చీ డిలియా దగ్గరికి జరుపుకున్నాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళు యూలిక్ గురించి ఏమనేవారండీ?"

"మంచివాడనేవాళ్ళు బాబూ."

లాక్లన్ నావైపు గెలిచినట్టు చూసి, రాసుకున్నాడు.

"మా అత్తగారు చెప్పేది," అంది డిలియా. "ఇళ్ళు పీకించిన ఎండాకాలం టర్లాక్ ఎండిపోయింది. ఎప్పుడూ ఎండేదే అనుకో. ఆయన స్వయంగా దిగి, ఒక్కో ఇంటికి నాలుగు మూలలా కర్రమేకులు పాతి, ఇది మీది, ఇది మీది అని చూపించాడట. జనం గట్టు వార గుంటల్లో, మట్టిపెళ్ళలు పైన కప్పుకుని కాపురం ఉన్నారు. నవంబరు వచ్చింది. నీళ్ళూ వచ్చాయి. మేకులు తేలి ఒడ్డుకొచ్చాయి. వాళ్ళు ఆ మేకులే పొయ్యిలో పెట్టుకున్నారట. నాలుగిళ్ళవాళ్ళు ఆ చలికాలమే చచ్చిపోయారు. అయిదిళ్ళవాళ్ళు కెనడా ఓడెక్కారు. చెడ్డవాడైతే ముందే ఎటైనా పోయేవాళ్ళం, మంచివాడు కాబట్టి మేకుల్ని నమ్మాం అనేది ఆవిడ."

లాక్లన్ పుస్తకం మూసేశాడు. కానీ మర్నాడు ఉదయం మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆయన ఉద్దేశం మంచిదే కదా, సబీనా? ఫలకం మీద 'సంకల్పం' అనే మాట ఉండాలి."

"ఉండనీ. చలికాలం ఫెస్టీ దాని మీద నిలబడి కాళ్ళు ఆరబెట్టుకుంటాడు," అన్నాను.

ఫిబ్రవరిలో కౌంటీ ఇంజనీరు వచ్చాడు. జలుబుతో ముక్కు ఎర్రబడిన పెద్దమనిషి. రెండు రోజులు కొలతలు తీసి, నా వంటింట్లో మ్యాపు పరిచాడు. ఫెస్టీ కూడా ఉన్నాడు.

"ఈ కాలువ టర్లాక్‌ని ఎప్పుడూ ఎండబెట్టలేదు, ఇకముందు ఎండబెట్టదు కూడా. నిండి పొర్లినప్పుడు మాత్రం ఆ నీళ్ళకి తిన్నగా కోయిన్ గారింటికి బాట వేసి పెట్టింది. కాలువ మొదట్లో బంకమట్టి కట్ట వేసి మూసేస్తే సరిపోతుంది. నీళ్ళు పాతదారినే పోతాయి."

"పాతదారి అంటే?"

ఆయన పెన్సిలు నా పంతొమ్మిది ఎకరాల మీద ఆగింది. అందులోనూ మంచి గడ్డి పండే తొమ్మిది ఎకరాల మైదానం మీద. "కాలువ లేనప్పుడు ఇక్కడ పరుచుకునేవి. నవంబరు నుంచి మార్చి దాకా మోకాలి లోతు ఉంటాయనుకోండి. ఇళ్ళు లేవు కాబట్టి ప్రమాదం లేదు."

ఫెస్టీ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఇంజనీరు వెళ్ళాక అడిగాను.

"ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"పదేళ్ళ క్రితం ఇంకొకాయన వచ్చి ఇదే చెప్పాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏటా వచ్చి చెప్తూనే ఉన్నాగా, నీళ్ళు తీసుకుపొమ్మని!"

అతని మీద కోపం వచ్చింది. అరిచాను కూడా. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత పదిరోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రోజూ ఆ మైదానం చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. నా ఆవులకి చలికాలమంతా తిండి ఆ తొమ్మిది ఎకరాలే. యూలిక్‌ని నలభై ఏళ్ళు తిట్టుకుంటూ, ఆ నోటితోనే ఆయన కాలువ చలవ వల్ల పొడిగా ఉన్న గడ్డిని కోసుకుని కుప్ప వేసుకుంటున్నానని అప్పటిదాకా నాకు తోచలేదు. తోచలేదో, నేనే తోచనివ్వలేదో. ఆ విసుగు ఎవరి మీద చూపించాలో తెలియక రొట్టె మాడ్చాను. డిలియా మాడిన ముక్క తింటూ నన్ను చూసింది గానీ, మొదటిసారిగా ఏమీ అనలేదు.

పదకొండో రోజు ఫెస్టీ ఇంటికి వెళ్ళి, "ఏప్రిల్లో నీళ్ళు తీశాక మూసేద్దాం," అని చెప్పాను. అతను తడిసిన గోడ గీకుతున్నాడు. "సరే," అన్నాడు. గీకడం ఆపలేదు.

అంతటితో తేలిందా? లేదు. పురాతన కట్టడాలు చూసే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కాలువ రక్షిత కట్టడాల జాబితాలో ఉందట, చెయ్యి వెయ్యకూడదట.

"అది కరువు కాలంలో ప్రజలు పడ్డ శ్రమకి గుర్తు మేడమ్."

"ఆ ప్రజల మనవడి వంటింట్లోనే నీళ్ళు ఉన్నాయమ్మా."

"అర్థమైంది మేడమ్. దరఖాస్తు పెట్టుకోండి. పద్దెనిమిది నెలలు పట్టచ్చు."

"రెండు చలికాలాలు. పెద్దావిడకి ఎనభై ఎనిమిది."

"దరఖాస్తులో ఆ వివరం రాయడానికి గడి ఉంది మేడమ్."

ఫోన్ పెట్టేసి, మాలకీకి చేశాను. అతనికి సొంత పొక్లెయిన్ ఉంది, నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు. ఏప్రిల్ ఆఖరి సోమవారం రమ్మన్నాను. కాయితాలు ఏమన్నా ఉన్నాయా అని అడగబోయి, నా గొంతు విని మానేశాడు.

ఆ సోమవారం ఎండ కాసింది. టర్లాక్ అడుగున అప్పుడే పచ్చిక మొలుస్తోంది. లాక్లన్ మొదట రానన్నాడు. మా పెద్దాయన జీవితకాలపు పనిని పూడ్చడానికి నేను సాక్షిని కాలేనన్నాడు. చివరికి డిలియాని కారులో ఎవరు తీసుకొస్తారని అడిగితే గొణుక్కుంటూ వచ్చాడు. కట్ట నిలవాలంటే కాలువ మొదట్లో రెండు వైపులా పేర్చిన రాళ్ళు తీసి, మట్టిలోకి గాడి కొట్టాలి. మాలకీ తొట్టితో మొదటి రాళ్ళు లాగాడు. అవి మామూలు క్వారీ రాళ్ళే. అడుగు వరసకి వచ్చేసరికి మంచమంత పలకబండ ఒకటి పైకి లేచింది. మాలకీ ఇంజను ఆపేశాడు.

"టీచర్, ఇది క్వారీది కాదు. చూడండి, నడిమధ్య కాలింది."

ఫెస్టీ కాలువలోకి దిగాడు. బండ మీద మట్టి చేత్తో తుడిచాడు. మధ్యలో పళ్ళెమంత మేర నల్లగా, చుట్టూ ఎర్రగా పగుళ్ళు. పక్కనే ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. డిలియా కారులోంచి కర్ర ఊతంతో గట్టు దాకా వచ్చి తొంగి చూసింది.

"పొయ్యిబండలు," అంది. "క్యారిగ్ ఇళ్ళవి."

ఇల్లు పీకినా పొయ్యిబండ కదపకూడదని మా వైపు నమ్మకం. ఏనాటికైనా తిరిగొస్తే నిప్పు మళ్ళీ అక్కడే రాజుకోవాలి. కెనడా వెళ్ళినవాళ్ళు కూడా ఆ బండలు అక్కడే ఉన్నాయనుకుంటూ పోయి ఉంటారు.

ఫెస్టీ నా వైపు చూశాడు. "నీకు తెలుసా?"

"లేదు. ఒట్టు."

"నాకు తెలుసు," అన్నాడు లాక్లన్.

అందరం తిరిగాం.

"నోటుపుస్తకంలో ఉంది. జూన్ నెలలో. 'క్యారిగ్ పలకబండలు అడుగు వరసకి చక్కగా అమిరాయి. క్వారీలో నెల రోజుల పని తప్పింది.' నేను... నేను దాన్ని ఆయన పనితీరుకి ఉదాహరణగా టైపు చేసుకున్నాను. మూడో అధ్యాయంలో పెట్టాను. ఏ బండలో అని కూడా అనుకోలేదు."

ఫెస్టీ అతన్ని కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. కాలిన మచ్చ మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. "నూట అరవై ఏళ్ళు మా పొయ్యి మీదుగానే మా ఇంటికి నీళ్ళు తోలాడా ముసలాడు," అన్నాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిన్నా ఏడవని మనిషి.

లాక్లన్ కోటు విప్పి, గట్టు మీద పెట్టి, కాలువలోకి దిగాడు. "ఎలా పైకి తీయాలి?" అని మాలకీని అడిగాడు.

ఆ రోజూ మర్నాడూ తీస్తూనే ఉన్నాం. మధ్యాహ్నానికే కబురు పాకి, యూలిక్ దేవుడన్నవాళ్ళూ రాక్షసుడన్నవాళ్ళూ ట్రాక్టర్లు వేసుకుని వచ్చారు. మోకులు ఎక్కడ కట్టాలన్న దాని మీద కూడా రెండు వర్గాలుగా చీలి పోట్లాడుకున్నారు. తొమ్మిది బండలు చెక్కుచెదరకుండా దొరికాయి. మిగిలిన రెండూ తీసేటప్పుడు పగిలాయి. ఏది ఎవరింటిదో చెప్పే దారి లేదు. కాలువకి రెండు పక్కలా క్యారిగ్ గోడల ఆనవాళ్ళు గడ్డి కింద ఇంకా ఉబ్బెత్తుగా తెలుస్తాయి. ఒక్కో ఇంటి లోపల ఒక్కో బండ పరిచాం. కోయిన్ల ఇంటికి ఏది పెట్టాలని ఫెస్టీ తల్లిని అడిగితే, "అన్నీ కాలినవే కదరా, ఏదైనా పెట్టు," అంది. బుధవారం బంకమట్టి పోసి కాలువ మూసేశాం.

గురువారం ఆఫీసు అమ్మాయి వచ్చింది. కాలువ చూసి నోట మాట రాలేదు, తర్వాత చాలా మాటలు వచ్చాయి. క్యారిగ్ తీసుకెళ్ళి చూపించాను. ఫోటోలు తీసుకుని, "అయినా మీరు అనుమతి లేకుండా..." అంది. అనుమతి లేకుండా చేసినందుకు నా మీద కేసు ఇంకా నడుస్తోంది. నెలకో ఉత్తరం వస్తుంది, ప్రతి ఉత్తరంలోనూ నా పేరు తప్పుగా ఉంటుంది.

లాక్లన్ మే మొదటివారంలో వెళ్ళిపోయాడు. పుస్తకం మానలేదు, మూడో అధ్యాయం తిరగరాస్తున్నాడు. అతను కంప్యూటర్లోకి ఎక్కించుకున్న నోటుపుస్తకాల్లో క్యారిగ్ ఇంటిపేర్లు ఏడు దొరికాయి, నాలుగు దొరకలేదు. ఫలకం మీద యూలిక్ బదులు ఆ పేర్లు ఉండాలని ఉత్తరం రాశాడు. ఉత్తరం ఊరి సమావేశంలో చదివాను. దొరకని నాలుగింటిలో ఒకటి తమదేనని ఆరు కుటుంబాలవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ గొడవ తెమలడానికి యూలిక్ కాలువకి పట్టినంత కాలం పట్టేలా ఉంది.

నవంబరులో నీళ్ళు వచ్చాయి. ఇంజనీరు గీసిన గీత దాకా వచ్చి, నా తొమ్మిది ఎకరాల మీద పరుచుకున్నాయి. చూస్తే ఒళ్ళు మండింది, దాచడం ఎందుకు? రెండు ఆవుల్ని అమ్మేశాను. మిగిలినవాటికి గడ్డి చాలదని లెక్క వేసుకుంటూ కొట్టంలోకి వెళ్తే, వాకిట్లో ఫెస్టీ ట్రాక్టరు ఆగి ఉంది. వెనక బండి నిండా గడ్డిచుట్టలు, అతని దిగువ పొలంలోవి. ఆ పొలం ఆ ఏడు తడవలేదు.

"ఇదేంటి, నేను అడిగానా?" అన్నాను.

"అడక్కు. అడిగితే మా అమ్మ ఇవ్వద్దంటుంది. నీ రొట్టెల మీద ఇంకా కోపంగా ఉంది," అని మొదటి చుట్ట కిందకి దొర్లించాడు.